అతుకవలసిన తీగ, అతుకరాని తీగ



ముప్పది యేండ్లకు పైగా బడిపిల్లలకు తెలుగు వ్యాకరణము చెప్పి విశ్రాంతి పొందిన వాడను నేను. అట్టివాడు తీగలను గుఱించియు, వోల్టులను గుఱించియు ప్రసంగింప బూనుట చూచి, "పంతులుగారికి ఈ పని ఎక్కడిది?" అని మీలో కొందఱు నవ్వుకొనవచ్చును. నవ్వినను దోషము లేదు. కాని సంధి యనునది వ్యాకరణమునకు మాత్రమే చెందినది కాదు. రెండు వస్తువులు కలియు చోట నెల్ల సంధి యున్నది. గోడకు గోడతో సంధి యున్నది, ఎముకకు ఎముకతో సంధి యున్నది, తీగకు తీగతో సంధి యున్నది. దేనికైనను బలహీనత మొదట కనబడునది సంధి యొద్దనే.

చిన్నయసూరి 1858లో ప్రకటించిన బాలవ్యాకరణమును చదివినవారు ఎఱుగుదురు: సంధి యొకచోట నిత్యము, ఒకచోట వైకల్పికము, ఒకచోట నిషిద్ధము. నిషిద్ధమైన చోట సంధి చేసిన విద్యార్థికి రెండు మార్కులు పోవును. నిషిద్ధమైన చోట విద్యుత్తీగను అతికిన వానికి పోవునది మార్కులు కావు. ఈ భేదమును ఒక చిన్నవాడు నాకు నేర్పెను. ఆ కథతోనే మొదలుపెట్టెదను.

మా నందివాడ ప్రాంతమున ఒక గ్రామములో, సుమారు ఇరువదియైదేండ్ల క్రిందట, యువకులు చందాలు వేసికొని పట్టణము నుండి ఒక పాత టెలివిజను యంత్రమును కొని తెచ్చిరి. అది ఇండ్లలో నుండు సామాన్యమైన పెట్టె కాదు. లోపల ఎఱుపు, ఆకుపచ్చ, నీలము అను మూడు రంగులకు మూడు చిన్న నాళములుండి, వాని వెలుగును కటకముల గుండ పెద్ద తెరపై పడవేయు ప్రొజెక్షను యంత్రము. క్రికెట్టు ఆట వచ్చిన దినమున ఊరంతయు దాని యెదుటనే చాపలు పఱచుకొని కూర్చుండెడిది.

ఒక వేసవిలో ఎఱుపు నాళము చెడెను. వేఱొక పాత యంత్రము నుండి నాళమును తెచ్చి అమర్చిరి. కాని ఆ నాళముతో వచ్చిన తీగ కుఱుచగా నుండెను. మరమ్మతు నేర్చుకొనుచున్న యువకుడొకడు, అతడు నా శిష్యుడే, ఇంటి కరెంటు తీగలను అతికినట్లే ఆ తీగలను మెలిపెట్టి, పైని నల్లటేపు చుట్టి, పని ముగించెను. బొమ్మ చక్కగా వచ్చెను. అందఱును అతనిని మెచ్చుకొనిరి. నేనును మెచ్చుకొంటిని.

శ్రావణమాసము వచ్చి ముసురు పట్టగానే పెట్టెలోపల నుండి "చుయ్" మను శబ్దము మొదలాయెను. వర్షము వెలిసిన తరువాత వచ్చు వాసన వంటిది, కాని ముక్కును కుట్టునది, ఒక వాసన వచ్చెను. బొమ్మలో ఎఱుపు వచ్చుచు పోవుచు నుండెను. ఆ యువకుడు ప్లగ్గు పీకి, వెనుక తలుపు తీసి, అతుకు ఎట్లున్నదో చూతమని దానిని చేతితో పట్టుకొనెను. మఱుక్షణమున వెనుకకు విసరివేయబడినట్లు పడి, మోచేయి ఇనుప మంచపు కోడుకు తగిలి, ఎముక విఱిగెను. చూడబోయిన నన్ను చూచి అతడు అడిగిన మొదటి మాట ఇది: "ప్లగ్గు పీకేశాను గదండీ మాస్టారూ, ఇంకా కరెంటు ఎక్కడిది?"

ఆ ప్రశ్నకు నాయొద్ద సమాధానము లేకపోయెను. అడిగిన శిష్యునకు బదులు చెప్పలేకపోవుట గురువునకు పెద్ద లోటు. నాటి నుండి తెలిసినవారిని అడిగియు, పుస్తకములు చదివియు నేను గ్రహించినదానిని నేడు మీకు విన్నవించుచున్నాను. సమాధానము చెప్పవలసిన ప్రశ్నలు రెండు. ప్లగ్గు తీసిన తరువాత కరెంటు ఎక్కడ నుండి వచ్చెను? వేసవిలో నిలిచిన అతుకు వానలలో ఏల నిలువలేదు?

మొదట ఈ యంత్రపు స్వరూపమును కొంచెము తెలిసికొందము. టెలివిజను మన ప్రాంతములకు ఊరుమ్మడి వస్తువుగానే వచ్చినది. 1975 ఆగస్టు 1 మొదలు 1976 జూలై 31 వఱకు అమెరికావారి ఉపగ్రహ సాయముతో మన దేశమున 6 రాష్ట్రములలోని 2,400 గ్రామములకు కార్యక్రమములను పంపిరి. ఆ రాష్ట్రములలో ఆంధ్రప్రదేశము ఒకటి. హైదరాబాదు దూరదర్శన కేంద్రము 1977లో వెలసెను. నాటి యంత్రములన్నియు గాజు నాళము గలవియే. ఆ నాళము వెనుక భాగమున నుండి ఎలక్ట్రానులు అను సూక్ష్మకణములు ధారగా బయలుదేఱి, ముందు భాగమున పూసిన పూతను కొట్టగా, ఆ పూత వెలుగును. ఆ వెలుగే బొమ్మ.

పదిమంది చూడగలంత బొమ్మ కావలెనన్నచో నాళమును అంత పెద్దదిగా చేయుట కష్టము. కావున చిన్న నాళముపై మిక్కిలి కాంతిగల బొమ్మను పుట్టించి, దానిని పెద్దదిచేసి తెరపై వేయు ఉపాయమును పూర్వమే కనిపెట్టిరి. 1947 ప్రాంతమున అమెరికాలో ఆర్.సి.ఏ. సంస్థవారు అమ్మిన యంత్రములో నాళము ఐదంగుళములది మాత్రమే. దానికి ఇచ్చిన విద్యుత్పీడనము 27,000 వోల్టులు. 1972లో హెన్రీ క్లాస్ అను నతని అడ్వెంటు సంస్థ మూడు నాళముల యంత్రమును గృహస్థుల కొఱకు అంగడిలో పెట్టెను. ఇట్టి యంత్రముల తయారీ ఆగిపోయి చాలకాలమైనది. అయినను పాతవస్తువులపై మక్కువ గలవారు వానిని కొని బాగుచేయుచునే యున్నారు. సామాన్యమైన గాజునాళపు టెలివిజనులు మన అటకల మీదను, పశువుల కొట్టములలోను ఇప్పటికిని పడి యున్నవి. కావున ఈ సంగతి పాతదైనను, ప్రమాదము పాతబడలేదు.

ఇప్పుడు వోల్టులమాట. కాలువలో నీటిమట్టము చేనికన్న ఎంత యెత్తున నున్నదో, తూము తెఱచినప్పుడు నీరు అంత వడిగా వచ్చును. విద్యుత్తునకు ఆ యెత్తు వంటిది వోల్టు. మన ఇండ్లకు వచ్చు కరెంటు 230 వోల్టులు. దానికే మనుష్యులు చనిపోవుచున్నారు. ఊరి వెలుపల స్తంభములపై ట్రాన్సుఫార్మరు వఱకు వచ్చు పై తీగలలో 11,000 వోల్టులుండును. ఆ తీగ తెగి పొలములో పడినచో మనము ఆమడ దూరమున నిలిచి లైనుమానుకు కబురు పంపుదుము. ప్రొజెక్షను యంత్రములో నాళమునకు పోవు తీగలో ఎంత యుండునో యెఱుగుదురా? 25,000 మొదలు 35,000 వోల్టుల వఱకు. స్తంభముపై తీగకు ఇనుమడింపు, మూడింతలు! ఇంటి కరెంటునే తీసికొని, మరమ్మతువారు ఈ.హెచ్.టి. అని పిలుచు ఒక చిన్న ట్రాన్సుఫార్మరు, సెకనుకు 15,000కు పైగా స్పందనములతో ఇంత పీడనమును పుట్టించును. ఎత్తు ఎక్కువయైనను ధార సన్నము, కావున స్తంభపు తీగ వలె క్షణములో కాల్చివేయదు. సన్నమైనను అది విద్యుత్తే గదా.

మొదటి ప్రశ్నకు వత్తము. ప్లగ్గు తీసిన తరువాత కరెంటు ఎక్కడిది?

దీని సమాధానము మన బందరుకు చుట్టఱికము గలది. 1605లో డచ్చివారు బందరులో వర్తకస్థానమును నెలకొల్పిరి. వారి దేశమున లైడెను అను విద్యానగరము గలదు. 1746లో ఆ నగరమున మషెన్‌బ్రూక్ అను పండితుడు విద్యుత్తును నీటివలె సీసాలో పట్టవచ్చునా యని ప్రయోగము చేయుచుండెను. గాజుసీసాలో నీరుపోసి, దానిలోనికి విద్యుత్తును పంపి, ఒక చేత సీసాను పట్టి రెండవచేత లోహమును తాకగా, దేహమంతయు పిడుగు పడినట్లు కంపించెను. ఇట్టి ప్రయోగమును మరల చేయనని ఆయన తన మిత్రునకు జాబు వ్రాసెను. తరువాత తెలిసినదేమనగా, సీసాకు లోపలను వెలుపలను లోహపు పూత యుండి నడుమ గాజున్నచో, ఆ రెండు పూతల మధ్య విద్యుత్తు నిలువయుండును. దీనికి లైడెను సీసా యని పేరు.

టెలివిజను నాళమును చూడుడు. దానికి లోపల నల్లని బొగ్గుపూత, వెలుపల నల్లని బొగ్గుపూత, నడుమ గాజు. అనగా ప్రతి చిత్రనాళమును ఒక లైడెను సీసాయే. యంత్రము నడచుచున్నంతసేపును అది నిండియుండును. ప్లగ్గు తీసినంత మాత్రమున ఖాళీకాదు. తూము మూసినంతమాత్రమున చెఱువులో నీరు ఇంకిపోవునా? కొన్ని యంత్రములలో ఆ నిలువ తనంతట తాను కొంతసేపటికి జారిపోవు ఏర్పాటుండును. అట్టి ఏర్పాటు లేనివానిలో గంటలు, ఒక్కొకప్పుడు దినములు నిలిచియుండును. మూడునాళముల యంత్రములో ఒక నాళమే కాదు, పీడనమును మూడింటికిని పంచిపెట్టు పెట్టెలో సైతము ఇట్టి నిలువ యుండును.

ఇంకొక వింత. ఒకమాఱు ఖాళీచేసిన తరువాతను గాజు తనలో ఇంకించుకొన్న విద్యుత్తును మెల్లగా తిరిగి వెలికి విడుచును. బావిని తోడి ఎండగట్టినను ఊట మరల ఊరినట్లు! కావున తెలిసినవారు ఒకమాఱుతో ఊరకుండక, రెండుమూడు మాఱులు ఖాళీచేయుదురు.

ఈ నిలువచేతనే మనుష్యుడు చచ్చుట అరుదు. ధార క్షణమాత్రమే ఉండును. కాని అది తగిలినప్పుడు చేయి మనవశమున నుండదు. తూలి ఏ ఇనుముపైననో, గాజుపైననో పడుట, నాళమే పగులుట, గుండె బలహీనముగా నున్నవారికి ప్రాణముమీదికి వచ్చుట, ఇవి నిజమైన భయములు. మా శిష్యునకు పట్టినది ఈ గతియే. మఱియు యంత్రమునకు ఇంటి కరెంటు ప్రవేశించు చోట వేఱొక పెద్ద కెపాసిటరు గలదు. అందు 300 వోల్టులకు పైగా నిలువయుండును. వోల్టులు తక్కువ, నిలువ ఎక్కువ. అది ప్రాణము తీయగలదు. మూత తీసినవాడు రెంటిని గుఱించియు భయపడవలెను.

ఇక రెండవ ప్రశ్న. వేసవిలో నిలిచిన అతుకు వానలలో ఏల పాడాయెను?

ఇంటి తీగను అతుకునప్పుడు మన మనస్సంతయు లోహముమీదనే యుండును. రాగికి రాగి గట్టిగా తగిలెనా, లేదా? తగిలినచో అతుకు మంచిదే. పైని చుట్టు టేపు చేయి తగులకుండుటకు మాత్రమే. 25,000 వోల్టుల తీగ విషయమున ఈ వివేకము తలక్రిందు కావలెను. అక్కడ రాగి తగులుట సులభము. కష్టమంతయు రాగి చుట్టునున్న కవచమునందే గలదు. మన డెల్టా రైతులకు ఇది చెప్పనక్కఱలేదు. కాలువలో నీరు పాఱుటకు ఎవ్వరును శ్రమపడరు. నీరు తనంతట తాను పల్లమునకు పాఱును. మన శ్రమయంతయు కట్టను నిలుపుటలోనే. తీగకు కట్టవంటిది దాని కవచము. తీగను అతుకుట యనగా గండి పూడ్చుటయే.

గండిని పూడ్చునప్పుడు మన పెద్దలు ఏమి చేయుదురు? పాతకట్ట నిలువుగా తెగియున్న చోట క్రొత్తమట్టిని ఊరక పోయరు. పాతకట్టను మెట్లుమెట్లుగా చెక్కి, క్రొత్తమట్టి పాతమట్టిపై వాలి కూర్చుండునట్లు చేసి, పొరపొరగా వేసి, తడిపి, దిమ్మిసతో కొట్టుదురు. ఏల? పాత క్రొత్తల నడుమ సందున్నచో నీరు దానిని వెదకికొనును. ఎలుకబొఱియ యంత సందు చాలును, తెల్లవాఱునప్పటికి కట్ట పోవును. అధిక పీడనముగల విద్యుత్తుకును ఇదే స్వభావము. ఆ అతుకునకు శత్రువులు మూడు: ముల్లు, బుడగ, మురికి.

ముల్లు అనగా వాడియైన మొన. మెలిపెట్టిన తీగల కొసలు, టంకము పోసినప్పుడు లేచిన చిన్న మొనలు, ఇవి చాలును. విద్యుత్పీడనము మొనయొద్ద పోగుపడును. చదునైన లోహముల మధ్య పొడిగాలి సెంటీమీటరునకు సుమారు 30,000 వోల్టులను ఆపగలదు. మొన యున్నచో అందులో కొంతభాగమునే ఆపగలదు. మొనచుట్టు గాలి చిట్లి, చీకటిలో నీలపు కాంతి కనబడును. "చుయ్" మను శబ్దమును, ఆ ఘాటువాసనయు దీనివే. ఆ వాసన ఓజోను అను వాయువుది. అది రబ్బరును కొఱికివేయును. అనగా మొన తన కవచమును తానే తినివేయుచుండును.

బుడగ అనగా కవచములో చిక్కుకొన్న గాలి. సామాన్యపు టేపు ఎంత గట్టిగా చుట్టినను, ఒక్కొక్క పొర అంచున సన్నని సందు మిగులును. గాలి రబ్బరు కన్న బలహీనమైనది. పైగా రబ్బరు నడుమ చిక్కిన గాలిపైననే పీడనపు భారము ఎక్కువగా పడును. ఆ బుడగలో చిఱు మెఱుపులు పుట్టి, రబ్బరును లోపల నుండి కాల్చి, బొగ్గుదారిని ఏర్పఱచును. పెట్టెలోని వేడికి టేపు జిగురు కరగి జారినచో సందులు ఇంకను పెరుగును. ఇదే ఎలుకబొఱియ.

మురికి అనగా పైని చేరిన దుమ్మును తేమయు. అధిక పీడనపు భాగములు దుమ్మును తమవైపునకు లాగుకొనును. పొడి దుమ్ము కొంత సహించును. తడిసిన దుమ్ము విద్యుత్తునకు బాటయగును. మా నందివాడ చుట్టును చేపల చెఱువులే, ప్రక్కనే కొల్లేరు. గాలిలో తేమకు కొదువలేదు. బందరు, దివిసీమలవైపు సముద్రపు ఉప్పు సైతము కలియును. పౌష్యమాసమున మంచుకురియు వేకువలో స్తంభముపై పింగాణీ గిన్నెలు "చిటచిట" మనుటను మీరు విని యుందురు. పింగాణీ మంచిదే, దానిపై చేరిన ఉప్పును దుమ్మును తడిసి దారి యిచ్చుచున్నవి. పెట్టెలోని అతుకు మీదను ఇదే జరుగును.

ఇప్పుడు మా శిష్యుని అతుకు కథ తేటపడినది. కొసలు మెలిపెట్టుటతో ముల్లు ఏర్పడెను. నల్లటేపు చుట్టుటతో బుడగ చిక్కెను. వేసవిలో మురికి పొడిగా నుండెను గనుక కొన్ని నెలలు గడచెను. ముసురుతో మూడవ శత్రువును వచ్చి చేరెను. అతుకు శ్రావణములో చెడలేదు. అది చైత్రములోనే చెడియుండెను. శ్రావణములో మనకు తెలిసెను.

మఱి చేయవలసిన దేమి? ఉత్తమపక్షము అతుకకుండుట. ఈ తీగకు నిషేధమే సూత్రము. చాల ప్రొజెక్షను నాళములలో తీగ నాళమునకే శాశ్వతముగా అంటియుండును. రెండవకొసన పంచుపెట్టెలో గ్రుచ్చుటకు తగిన మొగ యుండును. కావున పాత యంత్రము నుండి నాళమును విప్పునప్పుడు తీగను కత్తిరింపరాదు. రెండవకొస నుండి ఊడదీసి తీగతో కూడ తీసికొనవలెను. కుఱుచయైన తీగతో వచ్చిన నాళమును కొననే కొనరాదు. తీగయొక్క మొదలు ఆ ట్రాన్సుఫార్మరులోనే యున్నచో, దానిని తీగతోకూడ మార్చుట మేలు.

ఆ నాళమే తప్ప వేఱొకటి దొరకనప్పుడు, అపవాదముగా, చేయితిరిగినవారు చేయు అతుకు ఒకటి కలదు. దానిని వివరించుట మీరు చేయుటకు కాదు, చేసినదానిని చూచి మంచిచెడ్డలు గుర్తించుటకు. మొదట, యంత్రమును ప్లగ్గు తీసి నిలిపి, నిలువ విద్యుత్తును ఖాళీచేయవలెను. నాళపు వెలుపలి బొగ్గుపూతకు ఆనియున్న అల్లిక తీగకు ఒక కొసను ముందుగా బిగించి, దీర్ఘమైన నిరోధకపు పిడిగల కడ్డీతో, పెద్ద రెసిస్టరు గుండ, రెండవకొసను అధిక పీడనపు చోటికి తాకింతురు. ఒకచేయి వెనుకకు పెట్టుకొందురు. రెండుచేతులును తగిలినచో ధార గుండె గుండ పోవును గదా. కొంత వ్యవధినిచ్చి మఱల తాకింతురు.

రెండవది, అతుకు తీగ 40,000 వోల్టులకు తగినదని గుర్తుగల సిలికాను రబ్బరు తీగయే కావలెను. మూడవది, పైని తొడుగవలసిన గొట్టమును అతుకుటకు ముందే తీగపైకి ఎక్కింతురు. నాలుగవది, రెండు తీగల కవచములను నిలువుగా కోయక, పెన్సిలు చెక్కినట్లు ఏటవాలుగా చెక్కుదురు. ఇదే మన కట్టకు మెట్లు చెక్కుట. ఐదవది, రాగిని కలిపి, టంకమును మొన లేకుండ నున్నని గోలీవలె పోయుదురు. ఆఱవది, జిగురులేని, తనలో తానే ఏకమగు సిలికాను టేపును సాగదీయుచు, సగము పొరపై సగము పొర వచ్చునట్లు, అసలు కవచపు మందమునకు తక్కువకాకుండ చుట్టి, రెండువైపుల రెండేసి అంగుళములు పాత కవచముపైకి తెత్తురు. ఏడవది, తొడుగు గొట్టములో గాలి మిగులకుండ సిలికాను లేపనమును నింపుదురు. ఆ లేపనములో పులిసిన వెనిగరు వాసన వచ్చు రకము పనికిరాదు, అది రాగిని తినివేయును. ఒక దినము, గొట్టము లావైనచో అంతకు మించియు, ఆఱనిత్తురు. ఎనిమిదవది, అతుకు ఇనుమునకు గాని, వేఱు తీగలకు గాని ఆనకుండ గాలిలో నిలుచునట్లు కట్టుదురు.

తరువాత గదిని చీకటిచేసి, దూరమున నిలిచి, యంత్రమును నడిపి చూతురు. నీలపుకాంతి, శబ్దము, వాసన, ఈ మూడును లేనిచో అతుకు నిలిచినట్లు. ఒకటి యున్నను ఆపి మఱల చేయవలెను. బొమ్మ వచ్చినదను ఒక్క సంగతి పరీక్ష కాదు. మేమందఱమును మోసపోయినది అక్కడనే.

బొమ్మ వెలుగు తగ్గినదని పీడనమును పెంచబూనువారును గలరు. అట్లు చేయుట మఱియొక అపాయము. ఎలక్ట్రానులు మితిమీఱిన వేగముతో గాజును కొట్టినచో ఎక్స్‌రే కిరణములు వెలువడును. తయారుచేసినవారు నిర్ణయించిన మేరను దాటరాదు.

ఇక గ్రామపెద్దలకు నా విన్నపము. ఈ పని మనము చేయము, మన పిల్లలు చేయుదురు. వారికి చేతినేర్పు గలదు, సాహసము గలదు. మనకున్నది అడుగు హక్కు. మీ ఇంటనో, గ్రంథాలయముననో పాత టెలివిజను మూత తీయబోవు యువకుని మూడు ప్రశ్నలు అడుగుడు: "ప్లగ్గు తీసితివి సరే, నిలువను ఖాళీచేసితివా? తీగను మార్చుచున్నావా, అతుకుచున్నావా? అతికినచో దేనితో చుట్టితివి?" వీనికి తడుముకొనక బదులు చెప్పువానిని పని చేయనిండు. చెప్పలేనివానిని కోపింపక, మూత మూయించి, తెలిసినవానియొద్దకు పంపుడు. పనికిరాని యంత్రమును పిల్లలు ఆడుకొనుటకు విప్పనీయకుడు. నాళము లోపల గాలియుండదు, పగిలినచో గాజుముక్కలు తూటాలవలె లేచును.

ఒకవేళ ఎవనికైనను కరెంటు తగిలి విడువకున్నచో, వానిని ముట్టుకొనకుడు. ముందు మెయిను స్విచ్చి తీయుడు. అది అందనిచో ఎండిన కఱ్ఱతో తీగను తొలగింపుడు. ఇది ఇంటి కరెంటు మాట. స్తంభపు పై తీగయైనచో కఱ్ఱతోనైనను దగ్గఱకు పోరాదు. ఆ మనిషి విడివడిన తరువాత స్పృహయు, సరియైన ఊపిరియు లేనిచో 108కి కబురుచేసి, ఱొమ్ము నడుమ రెండుచేతులతో నిమిషమునకు 100 మొదలు 120 మాఱుల వఱకు, సుమారు రెండంగుళముల లోతున, సాయము వచ్చువఱకు ఒత్తుచుండుడు. ఇసుకలో పాతిపెట్టుట మొదలైన పనులతో కాలము పోగొట్టకుడు.

చేపలచెఱువుల మోటార్లకు పోవు తీగల మాటయు ఇక్కడ స్మరింపదగినది. వానిలో ఉన్నది 25,000 వోల్టులు కాదు. అయినను నీటిలో మునుగు తీగకు, తడిగట్టుపై పడియుండు తీగకు నల్లటేపు అతుకు నిషిద్ధమే. అతుకు తప్పనిచో నీటికి ఎగువను, స్తంభముపై పెట్టెలో నుండవలెను. వోల్టులు మాఱినను న్యాయమొక్కటే: రాగి కలిసెనా యని కాదు, కట్ట నిలిచెనా యని చూడవలెను.

నా శిష్యుని చేయి మూడునెలలకు అతుకుకొన్నది. ఎముకను అతికిన వైద్యుడు సైతము తొందరపడలేదు. ఎముక కొసలను సరిచేసి, కదలకుండ కట్టి, కాలమునకు విడిచెను. అటుపిమ్మట ఆ యువకుడు ఈ పనిని మానలేదు, శ్రద్ధగా నేర్చుకొనెను. నేడు తానే పదిమందికి నేర్పుచున్నాడు. తనయొద్దకు వచ్చు ప్రతి కుఱ్ఱవానికిని మొదటిదినమున టంకపుకడ్డీ చేతికీయడు. నాళమును చూపి, "ప్లగ్గు తీశాక కూడా ఇందులో కరెంటు ఎందుకుంటుందో చెప్పు" అని అడుగునట. ఒకనాడు నేను బదులు చెప్పలేకపోయిన ప్రశ్న అదియే. ఇప్పుడు మీరును దానికి బదులు చెప్పగలరు. సెలవు.